తలకిందుల రేవు

ఓడ తలకిందులుగా వచ్చింది. పొగగొట్టం కిందికి, అడుగుభాగం పైకి. గాలిలో ఉన్న పొగంతా బుద్ధిగా వెనక్కి వచ్చి గొట్టంలోకి దూరిపోతోంది. తెల్లబట్టలు కట్టుకున్న కొరియా హమాలీలు ఆకాశానికి పాదాలు ఆనించి, వెనక్కి వెనక్కి నడుస్తూ, ఓడలోంచి బస్తాలు తెచ్చి రేవులో పేర్చిపెడుతున్నారు. కువైట్‌లో, ఖైతాన్‌లోని మా గదిలో పట్టపగలు కిటికీలకు కంబళ్లు కప్పి, గోడకు గులాబీల దుప్పటి తిరగేసి కట్టి ఈ ప్రదర్శన నడుస్తోంది. నేలమీద బాసిపట్లు వేసుకున్న ఇరాక్ సిపాయిలు తుపాకులు ఒళ్లో పెట్టుకుని పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. మా గదిలో ఉన్న ఒకే ఒక కుర్చీలో కూచున్న కెప్టెన్ మాత్రం నవ్వడం లేదు.

“ఇది ఏ రేవు?” అని ఇంగ్లిష్‌లో అడిగాడు.

“కొరియా” అన్నాను.

“కొరియాలో మనుషులు ఇలాగే నడుస్తారా?”

పత్రికాఫీసులో ఏళ్ల తరబడి పనిచేసినవాడికి ఇలాంటి ప్రశ్నకు నాలుక దురద పెడుతుంది. కానీ తుపాకులు ఉన్న గదిలో ఆ దురదను గోక్కోకూడదన్న ఇంగితం అప్పటికి వచ్చింది. నోరు మూసుకుని ప్రొజెక్టర్ దగ్గర నిలబడ్డ మా ఆపరేటర్ భాయ్ వైపు చూశాను. ఆయన ముఖం కూడా ఇంచుమించు తలకిందులుగానే ఉంది.

ఎట్లా ఇక్కడికొచ్చామో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

నేను కువైట్‌లో ఒక ఇంగ్లిష్ దినపత్రికలో డెస్కు మీద పనిచేసేవాణ్ణి. రోజంతా ఇతరులు రాసిన వార్తల్లో తప్పులు ఏరడం, సాయంత్రం షర్క్‌లో చేపల మార్కెట్ దగ్గర నిలబడి పడవలనుంచి బుట్టలు దిగడం చూడడం, బస్సెక్కి ఖైతాన్ చేరడం. ఆగస్టులో ఒక తెల్లవారుజామున ఇరాక్ ట్యాంకులు వచ్చాయి. మా పత్రిక పుట్టినప్పటినుంచి అంత పెద్ద వార్త దాని గుమ్మంలోకి రాలేదు. వచ్చిన రోజే పత్రిక మూతపడింది. ఇంతకాలం ఏ మంత్రి ఏ రిబ్బను కత్తిరించాడో జాగ్రత్తగా అచ్చేసిన మేము, అసలు సంగతి జరిగినప్పుడు లుంగీలు కట్టుకుని మేడమీద నిలబడి చూశాం.

నా గదిలో ఉండే ఆపరేటర్ భాయ్‌ది రాయచోటి. అక్కడ టూరింగ్ టాకీస్‌లో చాలాకాలం మిషన్ నడిపి, గుడారం చిరిగాక కువైట్ వచ్చాడు. సులైబియాలో ఒక కొరియా రోడ్ల కంపెనీ యార్డులో స్టోర్‌కీపర్‌గా చేరాడు. బోల్టులూ బేరింగులూ చూసుకోవడం ఆయన ఉద్యోగం. కానీ ఇఖామా కార్డులో ఉద్యోగం ఏమని రాసుంటేనేం, తనను ఎవరైనా స్టోర్‌కీపర్ అంటే ముఖం మాడ్చుకునేవాడు. అందుకే అందరం ఆపరేటర్ భాయ్ అనేవాళ్లం.

ఆ యార్డుకు పెద్ద ఒక కొరియా ఆయన. అరవై దాటాయి. రోడ్డు రోలర్ల మధ్య పుట్టినవాడిలా ఉంటాడు. ఆయన దగ్గర మూడు రేకు డబ్బాలుండేవి. వాటిలో మూడు మూగ రీళ్లు. ఆయన పుట్టకముందు ఎవరో విదేశీ మతప్రచారకుడు కొరియాలో ఒక రేవుపట్నంలో తిరుగుతూ తీసిన బొమ్మలు. కథ లేదు, మాట లేదు, పేర్లు లేవు. మొదటిదాంట్లో రేవు, ఓడలు, హమాలీలు. రెండోదాంట్లో బజారు, ఎద్దుబండ్లు, తలమీద నల్లటి జల్లెడలాంటి టోపీలు పెట్టుకున్న పెద్దమనుషులు. మూడోదాంట్లో పడవల రేవు, చేపల బుట్టలు, నీళ్ల కుండలు మోసే ఆడవాళ్లు. ఆ అసలు రీళ్లకు నకళ్లు తీయించుకుని, వెళ్లిన దేశానికల్లా వెంట తిప్పుకున్నాడు.

ప్రతి శుక్రవారం యార్డు క్యాంటీన్‌లో వాటిని వేసేవాడు. మొదట్లో కొరియా పనివాళ్లు వచ్చేవాళ్లు. తర్వాత వాళ్లకూ విసుగు పుట్టి పేకాటకు పోయారు. మిగిలింది మా రాయచోటి, కడప, రాజంపేట బ్యాచి. ఉచితంగా చల్లగాలి, చల్లటి సోడా దొరికితే మావాళ్లు కొరియా ఏమిటి, గోడకు సున్నం వేయడమైనా కూచుని చూస్తారు. నేనూ కొన్నిసార్లు వెళ్లాను. మాట లేని సినిమా గనుక మాటలు మావాళ్లే వేసేవాళ్లు.

“ఆ టోపీ ఆయప్పను చూడుబ్బా, మా సర్పంచు మాదిరే నడుస్తాండాడు. బజారంతా ఆయప్పదే!”

“ఎద్దు మాత్రం మనూరిదే. కడుపులో రొంత గడ్డి లేదు, కొమ్ములు మాత్రం ఇంత!”

కొరియా పెద్దాయనకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా సంతోషించేవాడు. మూడో రీలు వచ్చేసరికి మాత్రం చెయ్యెత్తేవాడు. అందరూ నోళ్లు మూసేవాళ్లు. పడవ దిగిన ఒక ఆడమనిషి తలమీద కుండ పెట్టుకుని, ఎడమ భుజం కొంచెం వాల్చి, మెట్లెక్కి జనంలో కలిసిపోతుంది. మొత్తం ఊపిరి తీసి వదిలేంత సేపు. ముఖం కనపడదు. “మై మదర్” అనేవాడు పెద్దాయన.

తల్లి ఆయన చిన్నప్పుడే పోయిందట. ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు. నడకను బట్టి గుర్తుపట్టానంటాడు. వెనకనుంచి చూస్తే ఎవరి తల్లయినా ఎవరికైనా తల్లే అని నేను మనసులో అనుకునేవాణ్ణి. ఆపరేటర్ భాయ్ అయితే పైకే అన్నాడు: “అన్నా, అచ్చం మా అత్తే. అట్లనే భుజం వాల్చుకోని వొస్తాది తగువుకు.” కానీ ఆ మాట తెలుగులో అన్నాడు గనుక ఎవరికీ నష్టం జరగలేదు.

ప్రొజెక్టర్‌నూ రీళ్లనూ పెద్దాయన ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఇరవై ఏళ్లు మిషన్ నడిపిన మా భాయ్ చేత కుర్చీలు వేయించేవాడు. ఆ అవమానం భాయ్ గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఆట అయిపోగానే అందరం అన్నానికి లేచిపోయేవాళ్లం. పెద్దాయన ఒక్కడే ఉండి రీళ్లను వెనక్కి చుట్టి, మొదలు పైకి వచ్చేలా పెట్టి, డబ్బాలో మూసేవాడు. ఇది భాయ్ ఎన్నడూ చూడలేదు. ఎందుకంటే ఆ వేళకు ఆయన క్యాంటీన్ వరసలో మొదట నిలబడి ఉంటాడు.

టూరింగ్ టాకీస్ పద్ధతి వేరు. అక్కడ ఆఖరి ఆట అవగానే జనరేటర్ ఆపేస్తారు. రీలు చివర పైకి ఉన్నట్టే డబ్బాలో పడేస్తారు. మర్నాడు ఆటకు ముందు, వెలుతురులో, అంచు మీద వేళ్లు ఆనించి వెనక్కి చుడతారు. ఎక్కడ చిరిగిందో, ఎక్కడ అతుకు ఊడిందో వేలికి తెలుస్తుంది. ఆటకు ముందు చుట్టనివాడు ఆపరేటరే కాడని భాయ్ సిద్ధాంతం.

ఇరాక్ వచ్చిన కొన్నాళ్లకు కొరియావాళ్లు బయల్దేరారు. బాగ్దాద్ మీదుగా అమ్మాన్‌కు. దారిలో తనిఖీల్లో కెమెరాలూ ఫిల్ములూ లాక్కుంటున్నారని అప్పటికే అందరికీ తెలుసు. పెద్దాయన డబ్బాలనూ ప్రొజెక్టర్‌నూ భాయ్ చేతుల్లో పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను.

“వన్, టూ... ఓకే. త్రీ నంబర్, మై మదర్” అని మూడో డబ్బా మీద అరచెయ్యి ఆనించి, “నో లాస్ట్. ప్లీజ్” అన్నాడు. రోలరు కింద కాలు పడ్డా అరవని మనిషి, ఆ ప్లీజ్‌ను రెండుసార్లు అన్నాడు.

“పెద్దాయనా, మా అమ్మను చూసుకున్నట్టు చూసుకుంటా” అన్నాడు భాయ్ గుండెమీద చెయ్యి వేసుకుని. వాళ్లమ్మతో ఆయనకు మాటలు లేక ఎనిమిదేళ్లయిందని నాకు తెలుసు. ఆ సమయంలో గుర్తుచేయడం బాగుండదని ఊరుకున్నాను.

డబ్బాలు మా గదిలో బియ్యం మూట వెనక చేరాయి. పక్క గదిలోకి రాజంపేట అక్క ఒకామె కొత్తగా చేరింది. ఆమె పనిచేసే కువైటీ ఇంటివాళ్లు సౌదీకి పోతూ ఇల్లు చూసుకొమ్మని తాళాలు ఇచ్చిపోయారు. ఆ ఇంట్లో ఇరాక్ అధికారులు దిగేసరికి, అక్క తాళాలు వాళ్ల ముఖాన కొట్టి, మామా అని తను పిలిచే యజమానురాలు కప్పుకునే దుప్పట్లలో మంచిది ఒకటి చంకన పెట్టుకుని వచ్చేసింది. “జీతం బాకీ అనుకున్నా” అనేది.

ఒక మధ్యాహ్నం సిపాయిలు వచ్చారు. రేడియో సెట్లు, కెమెరాలు ఏమైనా ఉన్నాయా అని మేడంతా వెతుకుతున్నారు. బియ్యం మూట జరిపితే డబ్బాలు కనిపించాయి. ఎప్పుడో కస్టమ్స్ వాళ్ల కోసమని పెద్దాయన ఒక్కోదాని మీద ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరాలతో రాసి ఉంచాడు: పోర్ట్ ఒకటి, పోర్ట్ రెండు, పోర్ట్ మూడు. యుద్ధం నడుస్తుంటే, రేవు సినిమాలు బియ్యం వెనక దాచుకున్న ఇండియావాడు గూఢచారి కాక మరేమిటి? కాసేపటికి కెప్టెన్ వచ్చాడు. పిలుపు మీద సైన్యంలోకి వచ్చిన బస్రా బడిపంతులు. భూగోళం చెప్పేవాడట.

“షువైఖ్ రేవును ఎవరు తీశారు?” అన్నాడు. షువైఖ్ అంటే కువైట్ పెద్ద రేవు.

“ఇది షువైఖ్ కాదు సార్. కొరియా. అరవై డెబ్బై ఏళ్ల కిందటిది.”

“చూపించు.”

భాయ్ కళ్లు మెరిశాయి. గుమ్మం దగ్గర తుపాకీ ఉన్నా సరే, ఇన్నాళ్లకు మిషన్ ఆయన చేతికి వచ్చింది. అక్క దుప్పటి అడిగి తెచ్చాడు. గులాబీలు గోడకు, వెలిసిన వైపు మాకు. ఒకటో రీలు తీసి, నేర్చుకున్న పద్ధతి ప్రకారం, అంచు మీద వేళ్లు ఆనించి, మొదట్నుంచి చివరిదాకా ఎంతో భక్తిగా వెనక్కి చుట్టాడు. అప్పటికే చుట్టి ఉన్న రీలును మళ్లీ చుడితే చివర పైకొస్తుంది. మూగ రీలు గనుక రెండు అంచులకూ చిల్లులుండి, తిరగబడినా మిషన్‌లో చక్కగా కూచుంది. అట్లా ఓడ తలకిందులుగా వచ్చింది.

భాయ్ మిషన్ ఆపాడు. “యా అల్లా! ముసిలాయప్ప ముందే చుట్టిపెట్టినాడన్నా!” అని నాతో గొణిగి, కెప్టెన్ వైపు తిరిగి హిందీ, అరబీ కలిపి, “దఖీఖా, సాబ్, దఖీఖా” అని ఒక్క నిమిషం గడువడిగాడు. రీలు సరిగ్గా చుట్టి మళ్లీ వేశాడు.

ఈసారి ఓడ నీళ్లమీద నిలబడింది. మనుషులు నేలమీద నడిచారు. ఎద్దుబండ్లూ పాత ఓడలూ చూసి కెప్టెన్‌కు షువైఖ్ అనుమానం తీరింది. కానీ గదిలో నవ్వు ఆగిపోయింది. సరిగ్గా వేసేసరికి హమాలీలు బస్తాలను రేవు నుంచి మోసుకుపోయి ఓడల్లోకి ఎక్కిస్తున్నారు. ఎక్కిస్తూనే ఉన్నారు. ఒడ్డున గుట్ట తరిగిపోతోంది.

“హమ్మాల్” అన్నాడు ఒక సిపాయి మెల్లగా. ఆ వారమంతా వాళ్లు గోదాముల్లోంచి ఏసీలూ ఫ్రిజ్‌లూ లారీలకెత్తి బస్రాకు పంపుతున్నారు. వాడి చేతులకు కట్లున్నాయి.

“ఆ బస్తాలు ఏమిటి?” అన్నాడు కెప్టెన్.

“బియ్యం.”

“ఓడలెవరివి?”

అప్పట్లో పక్క దేశం కొరియాలోకి వచ్చి, ఇది మాదే అని ప్రకటించి, బియ్యం తీసుకుపోతోందని చెప్పాలి. అది వాస్తవం. వాస్తవాలు సరిచూడడం నా వృత్తి. “వ్యాపారులవి” అన్నాను.

కెప్టెన్ దుప్పటి మీద తరిగిపోతున్న గుట్టను చూశాడు. “మొదట వేసినట్టే బాగుంది” అన్నాడు. “మిగతావి కూడా అట్లాగే వెయ్యి.”

భూగోళం పంతులు మరి. ఏ దిక్కు పైన ఉంటే తనకు సుఖమో తెలుసు.

భాయ్ రెండో రీలును తలకిందులుగా వేశాడు. పెద్దమనుషుల టోపీలు బావుల్లోకి వేలాడే బొక్కెనల్లా ఊగాయి. మళ్లీ నవ్వులు. తర్వాత తప్పనిసరై మూడోది. పడవల రేవు పైన, ఆకాశం కింద. జనంలోంచి ఆ ఆడమనిషి వెనక్కి వచ్చింది. కుండ మీద తలతో నిలబడినట్టు, కాళ్లు పైకి పెట్టి, మెట్లన్నీ వెనక్కి దిగి పడవలో కూచుంది. సిపాయిలు అన్నిటికంటే దానికే ఎక్కువ నవ్వారు. కెప్టెన్ కూడా మొదటిసారి పళ్లు చూపించాడు.

“దీన్ని తీసుకుపోతాను” అన్నాడు. “మా కర్నల్‌కు చూపించాలి. మిషన్ కూడా. ఖలాస్.”

భాయ్ చెయ్యి మిషన్ మీదే ఉండిపోయింది. ఆ రీలులో ఉన్నది ఎవరి తల్లయినా కావచ్చు, మాట ఇచ్చింది మాత్రం మేమే.

“సాబ్, దీన్ని కూడా చుట్టియ్యాల. ల్యాకుంటే మీకు నిటారుగా కనపడుతుంది” అన్నాడు భాయ్ చివరికి. నేను అనువదించాను. నిటారుగా కనపడడం కెప్టెన్‌కు అక్కర్లేదు. సరేనన్నాడు.

సరిగ్గా అప్పుడే అక్క పాలు లేని టీ గ్లాసులతో వచ్చింది. సిపాయి ఒకడు గోడమీది దుప్పటిని కూడా విప్పుతున్నాడు.

“ఏందిరా అది? యాడికి ఎత్తకపోతాండావ్? అది మా మామాది!”

“అక్కా, మెల్లగా” అన్నాను.

“ఏంటికి మెల్లగా? సినిమాకు భాయ్ అడిగితే ఇచ్చినా. ఈడికెందుకియ్యాల? ఊరంతా దోచుకోని కడుపు నిండలా, ఈ ముదనష్టపోళ్లకు? పైన పూలు కూడా ఉండాయి, పెండ్లికి పరుచుకుంటారంట!”

“ఏమంటోంది?” అన్నాడు కెప్టెన్.

“టీలో చక్కెర చాలా అని అడుగుతోంది.”

దుప్పటికి ఒక కొన అక్క చేతిలో, ఇంకో కొన సిపాయి చేతిలో. అందరూ అటు చూస్తున్నారు. వాడు సిగ్గుపడి కొంచెం వదిలాడు, కెప్టెన్ చూపు పడగానే మళ్లీ పట్టుకున్నాడు. చివరికి దుప్పటి పోయింది. మిషన్ పోయింది. పోర్ట్ మూడు అని రాసిన డబ్బా కెప్టెన్ చంకలో పోయింది. మెట్లు దిగుతూ “బుక్రా తెచ్చిస్తాను” అన్నాడు. రేపు అని అర్థం. గల్ఫ్‌లో ఆ మాటకు అర్థమేమిటో ఇరాక్ రాకముందే నాకు తెలుసు.

తలుపు మూశాక భాయ్ నేలమీద కూలబడ్డాడు. ఏడుస్తున్నాడనుకుని భుజం మీద చెయ్యి వేశాను. నవ్వుతున్నాడు.

“మూడో డబ్బాలో ఒకటో రీలు పెట్టినా అన్నా. అమ్మ ఈడనే ఉండాది.” పోర్ట్ ఒకటి డబ్బా మూత తెరిచి చూపించాడు. “టూరింగ్ టాకీస్‌లో పక్కూరి కంపెనీవోళ్లు రీళ్లు ఎత్తకపోను వొస్తే ఇట్లనే డబ్బాలు మార్చేటోళ్లం. క్లైమాక్స్ అనుకోని పాటలెత్తకపోయేటోళ్లు!”

“రేపు చూసి మళ్లీ వస్తే?”

“రేపెందుకుంటాం?”

ఉండలేదు. మర్నాడే జోర్డాన్ వైపు పోయే బస్సులో ముగ్గురం ఎక్కాం. రెండు రీళ్లనూ గుడ్డలో చుట్టి అల్యూమినియం దేగిశాలో పెట్టి, పైన ఖుబ్జ్ రొట్టెలు పేర్చాడు భాయ్. ప్రతి తనిఖీ దగ్గరా సిపాయిలకు పైనుంచి రొట్టె ఇవ్వడంతో, ఎవరూ అడుగుదాకా వెతకలేదు. ఎడారి శిబిరంలో, పాత ఫిల్ము వాసన పట్టిన మిగతా రొట్టెలు తింటూ అక్క ముఖం చిట్లించింది. “ఏం కంపురా సామీ ఇది! వెనిగర్‌లో ముంచినట్టుండాది. ఆయప్ప అమ్మ అని ఊరుకుంటాండా గానీ.” అమ్మాన్ నుంచి విమానంలో బొంబాయి, అక్కడినుంచి ఇళ్లకు.

యుద్ధం అయ్యాక, పొగ తగ్గాక, మళ్లీ వచ్చాం. కొరియా కంపెనీ కూడా రోడ్లు మరమ్మతు చేయడానికి వచ్చింది. పెద్దాయన సులైబియా యార్డులో కాలిపోయిన రోలర్ల మధ్య నిలబడి, భాయ్ చేతిలో దేగిశా చూసి ముందు గుర్తుపట్టలేదు. తర్వాత రెండు చేతులతో అందుకున్నాడు. ఎక్కడినుంచో ప్రొజెక్టర్ తెప్పించి ఆ శుక్రవారమే వేశాడు. ఆ ఆడమనిషి నిటారుగా మెట్లెక్కి జనంలో కలిసిపోయింది. మళ్లీ వేశాడు. మళ్లీ. భాయ్ గర్వంగా డబ్బాలు మార్చిన కథ చెప్పాడు, నేను ఇంగ్లిష్‌లోకి మార్చాను.

పెద్దాయన వంగి భాయ్‌కి నమస్కారం చేశాడు. ఆ తర్వాత, పోయింది ఒకటో రీలేనా అని మళ్లీ అడిగాడు.

అప్పుడు తెలిసింది. ఆ బొమ్మలు ఏ ఊళ్లో తీశారో కొరియాలోనే తగువుందట. ఈయన తన ఊరు బూసాన్ అంటాడు. చూసినవాళ్లు కొందరు, కాదు, దూరాన ఉన్న ఇంకో రేవు ఇంచోన్ అన్నారు. ఈయన తల్లి బూసాన్ దాటి ఎన్నడూ బయటికి పోలేదు. ఇంచోన్ అయితే, ఆ నడిచేది వేరే ఎవరో. రేవు వెనకున్న కొండ ఒకటో రీలులో మాత్రమే కనపడుతుంది. సెలవులో ఊరికి పోయినప్పుడు, పాత రేవుల ఫోటోలు దాచుకున్న వాళ్లకు చూపించి తేల్చుకుందామనుకున్నాడు. ఏటా వాయిదా వేశాడు.

“అంటే, అమ్మను తెచ్చి ఊరిని పోగొట్టినానా?” అన్నాడు భాయ్.

పెద్దాయన నా వైపు తిరిగాడు. “యూ న్యూస్‌పేపర్ మ్యాన్. యూ సీ. మౌంటెన్, లెఫ్ట్ ఆర్ రైట్?”

కొండ ఓడకు ఎడమనా కుడినా అన్నది తెలిస్తే ఏ ఊరో తేలుతుందట. మొదటి ఆటలో ఎటుంది, సరిచేశాక ఎటుంది? కళ్లు మూసుకుంటే నాకు రెండు వైపులా కొండ కనపడుతోంది, ఒకటి నిలబడి, ఒకటి వేలాడుతూ. తెలియదని చెప్పాను. ఆ రోజు తలుపు సందులోంచి చూసిన అక్కను అడిగితే, “కొండ యాడిది? నా దుప్పటి మడత అది” అంది.

కెప్టెన్ తీసుకుపోయిన రీలు ఎక్కడా దొరకలేదు. అసలు రీళ్లు ఎక్కడున్నాయో నకళ్లు తీసిచ్చిన వాళ్లకే తెలియదట. మిగిలిన రెండింటిలో కొండ లేదు. ఆ ఆడమనిషి మెట్లెక్కుతున్నది బూసాన్‌లోనా, ఇంచోన్‌లోనా అన్నది ఇంతవరకూ తేలలేదు.